మూడో నిబంధన

మొన్నొక ఆదివారం మా సంఘానికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు వాక్యం చెబుతూ మధ్యలో ఆగి, ముందు చాపల మీద కూర్చున్న పిల్లల్ని అడిగారు: "పరిశుద్ధ గ్రంథంలో నిబంధనలు ఎన్ని?"

"రెండు" అన్నారు పిల్లలు, రేకుల కప్పు అదిరేలా.

పాత నిబంధన, కొత్త నిబంధన. సరైన జవాబే. ఆ జవాబు మీద నా విశ్వాసమంతా నిలబడి ఉంది. కానీ ఆ క్షణంలో నాకు నవ్వు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. పక్కనున్నావిడ నేను కన్నీళ్లతో ప్రార్థిస్తున్నాననుకుని వీపు నిమిరింది. పాస్టరుగారు కూడా అటు చూసి, "దేవుడు ఎవరి హృదయాన్నో తాకుతున్నాడు" అన్నారు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ రోజు దేవుడు పంపిన మనిషి, పిడుగురాళ్ల లారీ స్టాండు పక్కన టైర్లకు గాలి కొట్టిన ఒక రిటైర్డు హవల్దారు. మా పేటలో అందరికీ మిలట్రీ పెదనాన్న. ఆయన లెక్కలో నిబంధనలు మూడు.

నేను చెప్పేది ఎనభైల మొదటి సంవత్సరాల సంగతి. సున్నం బట్టీల పొగ, క్వారీల రాతిపొడి, లారీలు లేపే ధూళి కలిసి సాయంత్రానికి మా ఊళ్లో అందరి కనుబొమలనూ ముసలివాళ్ల కనుబొమలు చేసేవి. ఆ తెలుపంతటిలో నల్లగా మెరిసే వస్తువు ఒక్కటుండేది: ఆయన బూట్లు. పైన గళ్ల లుంగీ, బనీను. కింద పాలిష్ పెట్టిన పటాలం బూట్లు. మనిషి పొట్టి. గొంతు మాత్రం మైదానం అవతలివాడికి వినపడడం కోసం తయారైన గొంతు. దాన్ని మా ఇరుకు సందుల్లో వాడేవాడు.

ప్రార్థన కూడా పై ఆఫీసరుకు రిపోర్టు ఇచ్చినట్టే చేసేవాడు. గృహకూడికల్లో ఆయన వంతు వచ్చిందంటే మాకు పండగ. లేచి, మడమలు దగ్గరకు చేర్చి, "ప్రభువా, అందరం హాజరు. చివరింటి చిన్నమ్మకి జొరం. వాన లేదు. మిగతా అంతా నీ దయ. ఆమేన్" అనేవాడు. మేము కళ్లు పూర్తిగా మూసేలోపే అయిపోయేది. అంతకుముందే ఒక పెద్దావిడ సృష్టి మొదలుకుని తన మోకాళ్ల నొప్పిదాకా ప్రార్థించి ఉండేది. ఆయన కూర్చోగానే మా నాన్న మెల్లగా, "దేవుడు కూడా ఇప్పుడు కాస్త కాళ్లు చాపుకుని ఉంటాడు" అనేవాడు. అమ్మ మోచేత్తో పొడిచేది.

యుద్ధం కథలు చెప్పేవాడు కాదు. కుర్రాళ్లు ఎంత బతిమాలినా, "ఏముందిరా, చానా నడిచాం, చానా తవ్వాం" అని తేల్చేసేవాడు. ఒక్కసారి మాత్రం నాకు చెప్పాడు. సైకిల్లో గాలి కొట్టించుకోవడానికి వెళితే, నాజిల్ పట్టుకుని కూర్చుని, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "పొద్దున పూట అవతలోళ్ల వంట పొగ కనపడేదమ్మాయ్. మా పొగ వాళ్లకి కనపడేది. ఆ టైములో ఎవడూ కాల్చేవాడు కాదు. ఆర్డరేం లేదు. ఎవురూ మాట్లాడుకోలేదు. వాడూ అన్నం టైముకి అన్నం తింటాడని తెలిసినాక, తుపాకి పట్టుకునే చెయ్యి మారిపోయిద్ది." ఆ తర్వాత టైరు నొక్కి చూసి, "పో, సరిపోయింది" అన్నాడు.

ఆయన రూల్సన్నీ ఆ పొగలోంచే పుట్టాయని నా నమ్మకం. యుద్ధానికి రూలుంటుంది, రూలు లేనిది వట్టి కొట్లాట అనేవాడు. మనుషులు పోట్లాడుకోకుండా ఉండాలని ఆయన ఎన్నడూ చెప్పలేదు. అది పాస్టరుగారి డిపార్టుమెంటు. పద్ధతిగా పోట్లాడుకోవాలి, అంతే.

ఆ పద్ధతి చూడాలంటే ఆయన షెడ్డుకు వెళ్లాలి. అందులో ఆయనకొక భాగస్వామి ఉండేవాడు, ఇంజను పని చేసే మెకానిక్కు. మేమంతా సాయిబుమామ అని పిలిచేవాళ్లం. ఈయన గాలి, పంచరు, ఆయన ఇంజను. ఇద్దరికీ పొద్దున షెడ్డు తలుపు తీసిన దగ్గర్నుంచీ పోట్లాటే. ఒప్పందం ఒక్కటే: గిరాకీ ముందు కాల్పులుండవు. నేను కళ్లారా చూశాను.

"నీ జన్మలో నువ్వు తీసిన స్పానరు తీసిన చోట..." అని సాయిబుమామ మొదలుపెట్టాడు. రాళ్ల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఇద్దరి మొహాల్లో ఒకేసారి చిరునవ్వు. "రా అన్నా, ఏంది సంగతి?" డ్రైవరు దిగాడు, టీ తాగాడు, టైరు మార్పించుకున్నాడు, వాళ్ల ఊరి కబుర్లన్నీ చెప్పాడు, వెళ్లిపోయాడు. లారీ వెనక ధూళి ఇంకా తగ్గలేదు.

"...పెట్టావా?" అన్నాడు సాయిబుమామ.

"పెట్టకపోతే నీ నెత్తిన ఉంటదా? చూసుకో" అన్నాడు ఈయన. స్పానరు నిజంగానే సాయిబుమామ చెవి మీద, పెన్సిలు పెట్టుకునే చోట ఉంది.

నమాజు వేళకు ఈయన పంపు ఆపేవాడు. ఈయన ప్రార్థన వేళకు ఆయన ఇంజను ఆపేవాడు. "రెండు పార్టీల దేవుళ్ల టైమూ సెలవే" అనేవాడు సాయిబుమామ. "మేము పోట్లాడుకునేది మిగిలిన టైములోనే. అందుకే తొందరగా తిట్టుకోవాల."

మిలట్రీ పెదనాన్న షెడ్డు మూసి సైకిలెక్కాడంటే మా పేటకు అంపైరు వచ్చినట్టు. మాటలు వినపడని ఇళ్లు కావు మావి. ఒక సాయంత్రం మా పక్కింట్లో మొగుడు, "మీ అమ్మ పెంపకమే అంత" అని మొదలెట్టాడు. వాకిట్లోంచి సైకిలు బెల్లు, ఆ వెంటే గొంతు: "సివిలియన్!" సైకిలు ఆగలేదు. లోపల మొగుడు ఆగిపోయాడు. అమ్మలూ అత్తలూ పిల్లలూ యుద్ధంలో లేనివాళ్లు. వాళ్లమీద మాట పడకూడదు. ఇంకో ఇంట్లో, "నా పెళ్లప్పుడు మీ వాళ్లు నన్ను..." అని వినపడితే, "పాత గుండు!" ఒకసారి పేల్చిన గుండు మళ్లీ తుపాకిలో పెట్టకూడదు. అలిగి వెనక్కి తిరిగి నడిచేవాళ్ల వీపు మీద మాట విసిరితే, "వీపు!" అని ఒక్క కేక. అన్నం కంచాల ముందు పోట్లాట అసలు పనికిరాదు.

అన్నిటికీ పైన తెల్లగుడ్డ. ఎవరు తెల్లగుడ్డ ఎత్తినా అవతలివాళ్లు సగం మాట నోట్లో ఉన్నా మింగెయ్యాలి. అది ఎత్తడం చూస్తే ఆయన "థమ్" అనేవాడు. పటాలంలో ఆగమనడానికి అనే మాటట. ఎత్తినవాళ్లని తర్వాత ఎన్నడూ "ఓడిపోయావా" అని అడగకూడదు. ఎవరితోనూ చెప్పకూడదు కూడా. అది అన్నిటికంటే గట్టి రూలు. మా పేటలో ఆడా మగా ఈ రూలును ఎంత ముద్దు చేశారంటే, ఒకావిడ చేతికి ఏదీ దొరక్క ఆరేసిన మొగుడి బనీనే ఊపింది. మొగుడు, "అది తెలుపేంది, పసుపు" అని అప్పీలు చేశాడు. "ఉతక్కపోవడం నీ తప్పు" అని ఆయన కొట్టేశాడు.

ఈ రూల్సుకు మూడో నిబంధన అన్న పేరెట్లా వచ్చిందంటే, కొత్తగా పెళ్లయిన ఒక కుర్రాడు, యూత్ మీటింగుల్లో గ్రంథం కంఠతా అప్పజెప్పేవాడు, పెళ్లాం పుట్టింటిని తిడుతూ దొరికిపోయాడు. ఈయన ఆ ఇంటి గుమ్మంలో సైకిలు ఆపి, "ఒరేయ్, పాత నిబంధన చదివావు, కొత్త నిబంధన చదివావు. నీకు మూడోది కూడా కావాల్సొచ్చింది గదరా" అన్నాడు. అక్కడినుంచి ఆ పేరు అతుక్కుపోయింది. ప్రతి పెళ్లికీ ముందు అమ్మాయినీ అబ్బాయినీ రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి ఆయన మూడో నిబంధన చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ అయింది.

నిబంధన అనే మాటకు ఆఫీసులో ఒక అర్థం, గుడిలో ఒక అర్థం. ఆఫీసులో షరతు. గుడిలో, దేవుడు మనిషిని వదలనని చేసిన ఒప్పందం. ఈయన మొదటి అర్థంలో పుట్టిన మాటను తీసుకొచ్చి రెండో అర్థం ఉన్న గుళ్లో తిప్పుతుంటే, అప్పటి మా పాస్టరుగారికి గుబులుగా ఉండేది. మేము ఆయన్ని అయ్యగారు అనేవాళ్లం. మెత్తని మనిషి. "పెద్దాయనా, మనలో మనం అనుకుంటే ఫరవాలేదు, బయట మాత్రం ఆ మాట అనొద్దు. తెలియనివాళ్లు వేరేగా అనుకుంటారు" అని బతిమాలేవాడు. "ఎస్ సార్" అనేవాడు ఈయన. మర్నాటికి మరిచిపోయేవాడు.

ఆ మరుపు నా నెత్తిమీదికి వచ్చింది.

మా యూత్‌కు ఒక వాలీబాల్ జట్టుండేది. కోచ్ ఈయనే. ఆట సంగతి ఈయనకు అంతంతమాత్రం. నెట్టు అవతలివాణ్ణి ఎట్లా చూడాలో మాత్రం నేర్పేవాడు. ఒక పండగ సెలవుకు నడికుడి రైల్వే కుర్రాళ్లతో మ్యాచి పెట్టారు. ఆడవాళ్లం తాటాకు పందిరి కింద కూర్చున్నాం. చివరి ఆట, సమానంగా ఉన్నారు, ఇంకొక్క పాయింటు ఎవరిదైతే మ్యాచి వాళ్లదని అనుకున్నారు. మా వాడొకడు కాలు జారి నెట్టు కింద బోర్లాపడ్డాడు. అదే క్షణంలో బంతి అవతల ఎత్తుగా లేచింది. వాళ్లలో పొడుగ్గా ఉన్న ఒక కుర్రాడు ఎగిరాడు. కింద పడివున్నవాడి మీదికి దించితే పాయింటు, ఆటా వాళ్లదే. గాల్లోనే వాడు చెయ్యి తిప్పి బంతిని దూరపు మూలకు కొట్టాడు. అది గీత దాటి బయటపడింది. మ్యాచి మాది.

రైల్వే జట్టు వాణ్ణి చుట్టుముట్టి తిట్టడం మొదలెట్టింది. మావాళ్లు గంతులేస్తున్నారు. మిలట్రీ పెదనాన్న గెలిచిన జట్టును వదిలేసి, బూట్లు టకటకలాడించుకుంటూ ఆ కుర్రాడి దగ్గరికి పరిగెత్తి, ఊపిరి తీసుకోకుండా అడిగాడు: "ఏ ఊరు, ఏ సంఘం, పెళ్లయిందా?"

వాడు బెదిరిపోయి మూడింటికీ కలిపి "లేదు" అన్నాడు.

నేను అప్పటికి టీచరు ట్రైనింగు ముగించి ఇంట్లో ఉన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజునుంచి నా ప్రార్థనలోకి ఒక మనిషి వచ్చి చేరాడు. పేరు తెలియదు గనుక, "ప్రభువా, బంతిని పక్కకి కొట్టినవాడు" అని ప్రార్థించేదాన్ని. దేవుడికి అడ్రసు అక్కర్లేదు. వారం తిరక్కముందే ఈయన మా వాకిట్లో సైకిలు ఆపి నాన్నతో అన్నాడు: "కుర్రాడికి యుద్ధం చెయ్యడం వచ్చు. పిల్లనియ్యొచ్చు."

నడికుడిలో వాళ్ల ఇంటికి పెద్దరికానికి వెళ్లింది కూడా ఈయనే. కుర్రాడికి తల్లీతండ్రీ ఉన్నా, ఇంటి సర్వాధికారి నాయనమ్మ. వాళ్ల సంఘంలో ఆడవాళ్లంతా తెల్లచీరలే కడతారు. ఆవిడ మరీ తెల్లగా కడుతుంది. వాక్యం తెలిసిన మనిషి, ఉపవాసాలుండే మనిషి, తప్పుడు బోధ ఎక్కడున్నా వాసన పట్టే మనిషి. పిల్ల గుణం, సంఘం, అన్నీ అడిగి తృప్తిపడి, ప్రధానానికి, అంటే ఉంగరం తొడిగే నిశ్చితార్థానికి, రోజు కూడా అనుకున్నారు. లేచేముందు ఈయన ఉత్సాహం ఆపుకోలేక అన్నాడు: "మా సంఘంలో ఇంకో మంచి పద్ధతుందమ్మా. ప్రధానం రోజున పిల్లకీ పిల్లోడికీ మూడో నిబంధన చెప్తాం."

ఆవిడ ఏమీ అనలేదట. వాకిటిదాకా వచ్చి సాగనంపిందట కూడా. ఈయన సంబరంగా వచ్చి, "ఆమెకి చానా నచ్చింది, నోట మాట రాలేదు" అని మాకు చెప్పాడు.

ప్రధానం రోజు మా ఇంటిముందు షామియానా వేశారు. వెనక పెరట్లో సాయిబుమామ దగ్గరుండి పలావు దించాడు. నడికుడినుంచి వాళ్లంతా పొద్దుటి బండికి వచ్చారు. నేను లోపలి గదిలో, తలుపు కర్టెన్ సందులోంచి చూస్తున్నాను. అయ్యగారు గ్రంథం తెరిచారు. అబ్బాయి మేనమామ జేబులోంచి ఉంగరం డబ్బీ తీశాడు. అప్పుడు నాయనమ్మ లేచింది.

"ఆగండి. ముందు ఒక సంగతి తేలాల. అయ్యగారూ, మీ గ్రంథంలో నిబంధనలు ఎన్ని?"

అయ్యగారి మొహం సున్నం అయిపోయింది. "రెండేనమ్మా."

"మరి మూడోది ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదమ్మా."

"రాయలేదంటే నోటిబోధా? అది ఇంకా ప్రమాదం."

మా నాన్న చేతులు జోడించాడు. "బోధ కాదత్తమ్మా, అది ఊరికే తమాషాకి అనే మాట."

"గ్రంథంతో తమాషానా?"

ఇక్కడ మా పెద్దమ్మకు కోపం వచ్చింది. "ఏందమ్మా ఇది, పిలిచిన ఇంట్లో కూర్చుని పరీక్షలు పెడతన్నారు?"

"పరీక్ష పెట్టకుండా పిల్లని తీసుకెళ్లి, రేపు నా మనవడు నాలుగో నిబంధన రాస్తే ఎవరిది జవాబు?"

"మీ మనవడు ఏం రాస్తాడులే. బంతే సరిగ్గా కొట్టలేకపోయాడు."

"ఆ బంతి సంగతి ఎత్తొద్దు" అని మేనమామ లేచాడు. "బండి టైమైంది, పదండి."

"పోతే పోండి. మా పిల్లకేం తక్కువ?"

"తక్కువ ఉండబట్టే గదా నిబంధనలు ఎక్కువ పెట్టుకున్నారు."

అక్కడినుంచి ఎవరు ఎవర్ని ఏమన్నారో తెలియలేదు. వాళ్ల అత్తలూ మా అమ్మలూ, ఎప్పటెప్పటి పెళ్లిళ్లూ, అన్నీ బయటికొచ్చాయి. పలావు గిన్నె మూత తీసి ఉంది. అన్నం టైము, సివిలియన్లు, పాత గుండ్లు, వీపులు. మిలట్రీ పెదనాన్న నేర్పిన ప్రతి రూలూ ఒకే షామియానా కింద ఒకేసారి పోయింది. పెరటి గుమ్మంలో సాయిబుమామ గరిట పట్టుకుని, "అన్నం చల్లారతా ఉంది" అని ఎవరూ వినని మాట అంటూనే ఉన్నాడు. అయ్యగారు, "వాక్యంలో ఒక చోట మామా అల్లుళ్లు రాళ్లు కుప్పేసి రాజీపడి..." అని ప్రయత్నించారు. అదీ ఎవరూ వినలేదు.

నేను చూస్తున్నది ఒక్కటే. మేనమామ ఉంగరం డబ్బీ మూశాడు. టప్పుమన్న ఆ చప్పుడు అంత గోలలోనూ నాకు వినపడింది. డబ్బీ చొక్కా జేబులోకి వెళ్లింది. అబ్బాయి, "నాయనమ్మా, ఒక్క మాట" అన్నాడు. "నువ్వు కూర్చో" అంది ఆవిడ. కూర్చున్నాడు. కూర్చుని, నేనున్న కర్టెన్ వైపు చూశాడు. ప్రభువా, ఆ బంతి ఈసారి కూడా గీత బయటేనా అనుకున్నాను.

మిలట్రీ పెదనాన్న ఒక మూల కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. నా జీవితంలో ఆయన గొంతు లేవని పోట్లాట అదొక్కటే. కారణమైనవాడు అంపైరుగా ఉండకూడదనుకున్నాడో ఏమో.

మేనమామ వాళ్లని లేవదీస్తుంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వెళ్దాం. ఈ మనుషులతో ఇంక నేను మాట్లాడను. దేవుడితో మాట్లాడి వెళ్దాం." వాళ్ల సంఘంలో ఆడవాళ్లు ప్రార్థనకు ముసుగు వేసుకునే తీరు వేరు. కొంగును రెండు చేతులా పట్టి, తలకంటే ఎత్తుగా లేపి, విప్పి, అప్పుడు కప్పుకుంటారు. ఆవిడ కళ్లు మూసుకుని తన తెల్లచీర కొంగును రెండు చేతులా పైకెత్తింది.

మూలనుంచి చూస్తున్న ఆయనకు అరుస్తున్న తలల పైన లేస్తున్న తెల్లగుడ్డ కనపడింది.

బూట్ల మడమలు టక్కుమన్నాయి. "థమ్."

మా పేట మొత్తం సగం మాటలో ఆగిపోయింది. మా పెద్దమ్మ "మీ" అన్న అక్షరం దగ్గర నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. పక్కింటి మొగుడు ఎత్తిన వేలును గాల్లో మరిచిపోయాడు. మమ్మల్ని చూసి వాళ్లూ ఆగారు. సాయిబుమామ గరిట దించాడు. షామియానా తాళ్లు గాలికి కిర్రుమనడం వినపడింది.

ఆ గోలమీద గెలవడానికి నాయనమ్మ అప్పటికే గొంతు సవరించుకుని ఉంది. "ప్రభువా!" అంది. ఆ నిశ్శబ్దంలో అది హైవేదాకా వెళ్లింది. ఆవిడే ఉలిక్కిపడింది. ఒక కన్ను కొంచెం తెరిచింది. అందరూ నోళ్లు మూసుకుని, తలలు వంచుకుని ఉన్నారు. మెల్లగా మళ్లీ మొదలెట్టింది.

"ప్రభువా, ఈ తప్పుడు బోధలోనుంచి నా మనవణ్ణి..." ఆగింది. "ఈ ఇంటివాళ్లు... ప్రార్థన అనగానే నోరు మూసుకున్నారు ప్రభువా. మా సంఘంలో కూడా ఇట్లా మూసుకోరు. నా కోడలైతే అసలు మూసుకోదు. నీకు తెలుసు." మళ్లీ ఆగింది. "నాకేం అర్థం కావట్లేదు. నువ్వే చూడు. ఆమేన్."

"ఆమేన్" అన్నాం రెండువైపులా. మా వైపు కాస్త ఎక్కువ గట్టిగా.

ఆవిడ కూర్చుంది. ముసుగు తీయలేదు. "అయ్యగారూ, ఇంత అణకువ వీళ్లకి ఎవరు నేర్పారు?"

అయ్యగారు అబద్ధమాడే మనిషి కాదు. "ఆయనేనమ్మా" అని మూలకు చూపించారు.

"మూడో నిబంధన అన్నదీ ఆయనే గదా?"

"ఆయనే."

ఆవిడ ఆయన బూట్లు చూసింది. "ఇటు రా నాయనా. ఆ మూడోది ఏందో చెప్పు, వింటాను."

ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అన్నం టైములో పోట్లాడగూడదమ్మా."

"మంచిదే."

"ఆరిపోయిన తగువు మళ్లీ రాజెయ్యగూడదు."

"వాక్యంలో ఉన్నదే."

"వెనక్కి తిరిగినోళ్ల మీద మాట విసరగూడదు. అమ్మల్నీ అత్తల్నీ తగువులోకి లాగగూడదు."

"అత్తల్ని కూడానా?"

"అత్తల్ని ముఖ్యంగా."

ఆవిడ కోడలి వైపు తిరిగి చూసింది. "ఇది చానా మంచిది. ఇంకా?"

ఆయన నోరు తెరిచాడు. ఇంక మిగిలింది తెల్లగుడ్డ ఒక్కటే. మా పేట అంతా ఆయన్నే చూస్తోంది. ఆయన ఆవిడ నెత్తిమీది తెల్లకొంగును చూశాడు.

"ఇంకేం లేదమ్మా. అంతే."

"బాగానే ఉంది. కానీ నిబంధన అనొద్దు. ఆ మాట దేవుడిది. కట్టడ అను, ఆజ్ఞ అని అర్థం, అదీ వాక్యంలో మాటే."

"కట్టడ చెప్తానంటే మా ఊళ్లో తాపీమేస్త్రీలొస్తారమ్మా" అన్నాడు ఆయన.

మొదట నవ్వింది మేనమామే. రాళ్ల ఊరికి వచ్చి ఆ మాట వింటే నవ్వకుండా ఉండడం కష్టం. నవ్వుతూనే జేబులోంచి డబ్బీ తీశాడు. అయ్యగారు అది గమనించి, ఇంకెవరూ ఇంకేమీ అడగకముందే గబగబా ప్రార్థన మొదలెట్టేశారు. ఆ రోజు ఆయన ప్రార్థన కూడా రిపోర్టంతే ఉంది. వేడి తగ్గినా పలావు అదిరిందని అందరూ అన్నారు. "తగ్గలేదు, నిప్పుల మీదే పెట్టా" అని సాయిబుమామ అందరితోనూ వాదించాడు.

భోజనాల తర్వాత మిలట్రీ పెదనాన్న నన్ను పెరట్లోకి పిలిచి, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు: "అమ్మాయ్, ఆమె తెల్లజెండా ఎత్తింది, చూశావుగా. అంత పెద్దమనిషి లొంగింది. అత్తారింట్లో ఎన్నడూ ఆ సంగతి ఎత్తమాక. పరువుగల మనిషి." అంత గట్టి రూలును ఆయన నాకోసం ఒకసారి కొద్దిగా వంచాడు. ఆ కాపురంలో ఆవిడ నొచ్చుకోకూడదని.

పెళ్లి పిడుగురాళ్లలోనే జరిగింది. మర్నాడు మమ్మల్ని నడికుడి తీసుకెళ్లడానికి నాయనమ్మే అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. చిన్న బండి, చిన్న స్టేషను. సామాన్లు ఎక్కిస్తుంటే, నేనూ ఆయనా, అంటే బంతిని పక్కకి కొట్టినవాడు, మొదటిసారి ఎవరూ వినకుండా మాట్లాడుకున్నాం. నేనేం మాట్లాడాలో తెలియక మిలట్రీ పెదనాన్న పెరట్లో చెప్పిన సంగతి చెప్పేశాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"ప్రధానం రోజు బండిలో మా నాయనమ్మ నాకు చెప్పింది వేరు. 'ఆ మిలట్రీ ఆయన నా ప్రార్థనకి లొంగిపోయాడ్రా. ఎట్లా లేచి నిలబడ్డాడో చూశావా? నీ పెళ్లాంతో ఎన్నడూ అనమాక, బాధపడుద్ది. పరువుగల మనిషి' అంది."

ఒక్క క్షణం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత జరిగింది కొత్త పెళ్లికూతురు చెయ్యాల్సిన పని కాదు. పెట్టె మీద చతికిలబడి పొట్ట పట్టుకున్నాను. ఆయన బండి తలుపు ఊచ పట్టుకుని వంగిపోయాడు. అత్తగారు కంగారుగా మంచినీళ్లు తెచ్చింది.

విజిలు వేశారు. ఎక్కి కూర్చున్నాం. నాయనమ్మది ప్లాట్‌ఫారం వైపు కిటికీ. బండి కదలగానే మిలట్రీ పెదనాన్న అందరిలోనుంచి ఒకడుగు ముందుకేసి, మడమలు చేర్చి, ఆవిడ కిటికీకి సెల్యూట్ కొట్టాడు. గెలిచినవాడు ఓడినవాళ్లకిచ్చే మర్యాద అది, చేతిలో ఎక్కడా గర్వం లేకుండా. నాయనమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, ఆయన్ని క్షమించేసినట్టు, నిండుగా ఆశీర్వదించింది. ఆయన పక్కనున్న సాయిబుమామతో ఏదో అన్నాడు. పెదవుల కదలికనుబట్టి అది "పాపం".

"పాపం" అంది ఇక్కడ నాయనమ్మ, మాలో ఎవరితోనూ కాకుండా.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరికి కనపడకుండా, తను ఒక కిటికీలోంచీ నేనొక కిటికీలోంచీ బయటి సున్నపురాళ్లను చూసుకుంటూ, పెదవులు బిగించి నడికుడిదాకా వెళ్లాం.